మిల్లీమీటరు మందంలో ఇద్దరు

పురుగు ముఖాన్ని నిలువెత్తున చూపించే మాక్రో ఫోటోలకు ఇప్పుడు కొదవ లేదు. రెండు పురుగుల మధ్య ఏదో వ్యవహారం నడుస్తుండగా తీసినవే అరుదు. ఇందులో సగం తప్పు కాంతిశాస్త్రానిది.

1:1 నిష్పత్తిలో తీసినప్పుడు పురుగు ఎంత ఉంటే సెన్సర్ మీద దాని బొమ్మ కూడా అంతే పడుతుంది. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో ఆ సెన్సర్ 36×24 మిల్లీమీటర్లు. అంత దగ్గర్లో ఎపర్చర్‌ను, అంటే లెన్స్‌లో కాంతి వచ్చే రంధ్రాన్ని, ఎఫ్/11 దాకా మూసినా స్పష్టంగా వచ్చే మందం మిల్లీమీటరు పైచిలుకే. ఎపర్చర్‌ను ఇంకా మూస్తే మందం పెరుగుతుంది గానీ, సన్నని రంధ్రం దాటే కాంతి వివర్తనం చెంది, అంటే పక్కలకు చెదిరి, బొమ్మంతా మసకబారుతుంది. కదలని వస్తువునైతే ఫోకస్ జరుపుతూ పదుల ఫోటోలు తీసి కలిపేయొచ్చు. పోట్లాడుకునే చీమలు అంతసేపు ఆగవు కదా! రెండు జీవులూ ఒకే ఫోకస్ తలంలోకి వచ్చేలా కెమెరాను తిప్పుకోవడమే దారి. కదలిక సంగతి ఫ్లాష్ చూసుకుంటుంది, దాని క్షణకాలపు వెలుగులో కదిలేది కూడా ఆగినట్టే పడుతుంది.

ఆ తలం ఎక్కడ ఉండాలో పురుగుల నడవడి తెలిస్తేనే తేలుతుంది. మొక్కల రసం పీల్చే చిన్న పురుగు పేనుబంక. అది పట్టిన లేత కొమ్మనే తీసుకోండి. చీమ తన మీసాలతో పేనుబంక వెనకభాగాన్ని తడుముతుంది. అక్కడ తియ్యని చుక్క ఒకటి ఉబుకుతుంది, చీమ తాగేస్తుంది. చుక్క కనబడ్డాక మీట నొక్కితే ఆలస్యమైపోయినట్టే. మీసాలు కదిలినప్పుడే ఫోకస్ అక్కడ ఉండాలి. ఈ తీపి కోసమే చీమలు కాపలా కాస్తాయి, పేనుబంకను తినడానికొచ్చే అక్షింతల పురుగు పిల్లల్ని తరిమేస్తాయి.

కాపలా ఉన్నచోట దొంగ కూడా ఉంటాడు. ఉత్తర అమెరికాలో ఆల్డర్ చెట్ల మీద ఒక రకం పేనుబంక తెల్లని మైనపు నూలు కప్పుకుని బతుకుతుంది. దాన్ని తినే లేస్‌వింగ్ అనే రెక్కల పురుగు లార్వా (పిల్ల పురుగు) ఆ నూలునే పీకి తన వీపు మీద పేర్చుకుంటుంది. చీమలు పసిగట్టలేవు. కీటక శాస్త్రవేత్త థామస్ ఐస్నర్, ఆయన సహచరులు 1978లో దీన్ని వివరించారు: నూలు ఒలిచేసిన లార్వాలను చీమలు పట్టుకుని బయటికి ఈడ్చేశాయి. ఈ కథ తెలియనివాడి కెమెరాలో అది తెల్లని పీచు ముద్ద, అంతే.

తెలిసినవాణ్ణి కూడా ఒంటరి ఫోటో మోసం చేస్తుంది. చీమ నోట్లో పేనుబంక ఉందనుకోండి. కొత్త కొమ్మకు మోసుకెళ్తోందా, తినబోతోందా? చీమలు రెండు పనులూ చేస్తాయి. ముందూ వెనకా తీసిన వరుస ఫోటోలు ఉంటేనే జవాబు దొరుకుతుంది. అందుకే పురుగుల్ని ఫ్రిజ్‌లో చల్లబరిచి పక్కపక్కన కూర్చోబెట్టి తీసే ఫోటోలంటే నాకు చిరాకు. వాటిలో అందం ఉండొచ్చు, జరిగిన సంగతి మాత్రం ఏదీ లేదు.

ఇంకొకటి. పురుగుల మోజులో మొక్కను ఫ్రేములోంచి కోసేయకండి. చాలా రకాల పేనుబంకలు ఏవో కొన్ని మొక్కల మీదే బతుకుతాయి. ఒక ఆకు అంచైనా ఫోటోలో ఉంటే, అది ఏ జాతిదో తర్వాత ఎవరైనా తేల్చగలరు.