చచ్చిన ఎలుకను వెతికినట్టు

మల్లేశ్వరం, బెంగళూరు
ఆదివారం

చి॥ బుజ్జికీ, చి॥ చిన్నోడికీ తాతయ్య ఆశీస్సులు. ఇక్కడ మేం క్షేమం. అమ్మమ్మ మోకాలి నొప్పి మామూలే. మీకు బడులు తెరిచారని అమ్మ ఫోన్లో చెప్పింది. చెన్నైలో ఎండ ఇంకా తగ్గలేదట కదా.

బుజ్జీ, మే నెలలో నంది కొండకు వెళ్లినప్పుడు నువ్వొక మాట అడిగావు, గుర్తుందా? ఘాట్ రోడ్డు మొదలవగానే నేను గేరు తగ్గించాను. కారు గొంతు పెంచింది. దాంతోపాటు డాష్‌బోర్డు కింద ఉన్న నా రేడియో కూడా "కుయ్య్య్" అని సన్నగా మొదలుపెట్టి పైకి పైకి పోయింది. "తాతయ్యా, కారు ఎత్తెక్కుతుంటే రేడియో ఎందుకు మూలుగుతోంది?" అన్నావు. నేను "ఎండకు" అన్నాను.

అది అబద్ధం. మలుపులో బైకుల గుంపు ఎదురొస్తోంది, నోటికొచ్చింది చెప్పేశాను. నువ్వు నమ్మలేదని అద్దంలో నీ మొహం చూస్తే తెలిసింది. మీరు వెళ్లాక మూడు ఆదివారాలు దాని మీదే కూర్చున్నాను. ఇదిగో, ఇప్పుడు జవాబు చెబుతున్నాను.

ముందు రేడియో సంగతి. అది పాటలు వినే రేడియో కాదు. మీట నొక్కి మాట్లాడాలి, వదిలి వినాలి. కారు పైకప్పు మీద అయస్కాంతంతో అతుక్కుని మూరెడు పైచిలుకు కడ్డీ నిలబడి ఉంటుందే, అదే దాని చెవి, అదే దాని నోరు. హామ్ లైసెన్సు, అంటే సరదాకు రేడియోలో మాట్లాడుకునేవాళ్లకిచ్చే లైసెన్సు, ఉన్నవాళ్లకు ప్రభుత్వం ఇచ్చిన 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ మధ్య మేం మాట్లాడుకుంటాం. నీకు 12 ఏళ్లు నిండితే నువ్వూ పరీక్ష రాయొచ్చు. చిన్నోడు ఇంకా ఆగాలి.

సరే, మూలుగు. ఇంట్లో ఎక్కడో ఎలుక చచ్చిందనుకోండి. మొదటి రోజు ఒక్కరికే వాసన వస్తుంది, మిగతా అందరూ వాళ్ల ముక్కుకే ఏదో అయిందంటారు. రెండో రోజుకు అందరికీ వస్తుంది. అమ్మమ్మ అయితే బీరువాలు జరిపిస్తుంది. తాతయ్య అగరుబత్తి వెలిగిస్తాడు. రేడియోలో అగరుబత్తి ఏమిటంటే స్క్వెల్చ్ అనే మీట. మూలుగు వెనక ఎప్పుడూ "బుస్స్" అని ఒక మోత ఉంటుంది. మీట కాస్త తిప్పితే ఆ బుస ఆగిపోతుంది, చెవికి హాయిగా ఉంటుంది. కాకపోతే దూరం నుంచి సన్నగా వచ్చే గొంతు కూడా బుసతో పాటే ఆగిపోతుంది. తుమకూరు నుంచి పిలిచే స్నేహితుడి పిలుపులు ఎన్ని పోగొట్టుకున్నానో! రెండేళ్లు అగరుబత్తి వెలిగించాను, పిల్లలూ. ఎలుక మాత్రం అక్కడే ఉంది.

మొదట తేల్చుకోవాల్సింది, ఎలుక మనదా, పక్కింటివాళ్లదా అని. మన వీధిలో కరెంటు తీగలు, ట్రాన్స్‌ఫార్మరు, ఇంటింటా ఎల్‌ఈడీ బల్బులు. వాసన ఎక్కడిదని చెప్పగలం? అందుకని తెల్లవారుజామున కారు తీసుకుని హెసరఘట్ట వైపు గడ్డిమైదానాలకు పోయాను. చుట్టూ గడ్డి, పిట్టలు తప్ప ఏమీ లేవు. ఇంజను ఆపాను, తాళం సగం తిప్పి ఉంచాను. మూలుగు పోయింది. బుస మాత్రం అలాగే ఉంది. అంటే పక్కింటివాళ్లను తిట్టడానికి లేదు. పైగా ఎలుకలు రెండు.

తర్వాత కిటికీ మూయాలి. అంటే రేడియో వెనక నుంచి యాంటెన్నా తీగ ఊడదీశాను. బుస టక్కున దాదాపు ఆగిపోయింది. అది గాల్లోంచి, కడ్డీ గుండా వస్తోందన్నమాట. ఇంజను వేస్తే మూలుగు మళ్లీ వచ్చింది, కిటికీ మూసినా వచ్చింది. అంటే అది గాలిలో రావడం లేదు. కరెంటు తీగ పట్టుకుని పాకుతూ వస్తోంది. ఇంత చిన్న పనితో ఇల్లు రెండు సగాలైంది చూడండి. యాంటెన్నా ఊడదీసి ఉన్నప్పుడు మాట్లాడే మీట మాత్రం నొక్కకూడదు, రేడియో పాడవుతుంది. వినడం వరకే.

ఒరేయ్ చిన్నోడా, "ఇంజను ఆపితే ఎలుక వాసన ఆగదు కదా తాతయ్యా" అంటావని తెలుసు. ఆగదు. అయినా ఈ ఎలుకను వదలను, ఇంకా పనుంది దానితో.

ఇంజనుతో పాటు హెచ్చుతూ తగ్గుతూ మూలిగేది ఆల్టర్నేటర్. ఇంజను తిరుగుతుంటే బెల్టు దాన్ని తిప్పుతుంది, అది బ్యాటరీని నింపుతుంది. అందులో పుట్టే కరెంటు అలలు అలలుగా ఉంటుంది. లోపలి డయోడ్లు దాన్ని ఒకే దిక్కుకు మళ్లిస్తాయి కానీ కొంచెం అల మిగిలే ఉంటుంది. ఇంజను వేగం పెరిగితే అలలు దగ్గర దగ్గరగా వస్తాయి, కూత పైకి పోతుంది. బుజ్జీ, నువ్వు విన్నది అదే. అవతలివాళ్లకు కూడా నా గొంతు వెనక అది వినిపిస్తూనే ఉందట. మర్యాదకు ఎవరూ చెప్పలేదు!

తప్పు ఆల్టర్నేటర్‌ది కాదు. రేడియో బిగించినవాడు సులువు చూసుకుని స్టీరియోకి పోయే సన్న తీగకే దీన్ని కూడా తగిలించాడు. ఎర్త్ తీగను సీటు కింద ఒక స్క్రూకు బిగించాడు. ఆ స్క్రూ తీసి చూశాను. కింద పెయింటు నున్నగా, గీత కూడా పడకుండా మెరుస్తోంది. పెయింటు మీద బిగిస్తే కరెంటుకు దారేది? అర్ధ రూపాయంత మేర తెల్లటి ఇనుము కనిపించేదాకా చాకుతో గీరాను. లావు తీగలు కొని రేడియోకు బ్యాటరీ నుంచే నేరుగా లాగాను, బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టాను. ఇంజను వేసి ఆక్సిలరేటర్ తొక్కాను. మూలుగు లేదు. అమ్మమ్మను పిలిచి వినిపించాను. "ఏముంది, ఏం వినబడట్లేదు" అంది. అదే కదా నేను చెప్పేది అన్నాను.

పెద్ద ఎలుకను పారేశాక ఏమవుతుందో తెలుసా? అప్పటిదాకా దాని కింద అణిగి ఉన్న చిన్న ఎలుక వాసన బయటపడుతుంది. మూలుగు పోయాక దాని వెనక "టికటికటిక" అని ఇంకొకటి వినిపించింది. అది ఇంజనుతో పాటు తొందరపడుతోంది, యాంటెన్నా తీస్తే ఆగుతోంది. అది స్పార్క్ ప్లగ్గు. నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరిగితే ఎన్ని నిప్పురవ్వలు పుడతాయో లెక్కకట్టండి. ఒక్కో సిలిండరుకు రెండు చుట్లకు ఒక రవ్వ. నేను కట్టాను, సెకనుకు 100. రవ్వ దూకే సందు మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉంటుంది, అంతే. అయినా ప్రతి రవ్వా రేడియో తరంగం పుట్టిస్తుంది. 1895లో కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ దూరంగా ఉన్న గంటను తీగ లేకుండా మోగించి చూపింది కూడా నిప్పురవ్వతో పుట్టించిన తరంగంతోనే. ఆయన అంత కష్టపడి పుట్టించినదాన్ని మన కారు ఊరికే పుట్టిస్తోంది, మనం వద్దంటున్నాం.

దీనికి మందు ప్లగ్గులోనే ఉంటుంది. లోపల ఐదు వేల ఓముల దాకా నిరోధం పెట్టిన ప్లగ్గులు వస్తాయి. చాలా రకాలకు నంబరులో "ఆర్" అక్షరం ఉంటుంది. నావి ఊడదీయించి చూస్తే మూడింటి మీద ఆర్ ఉంది, నాలుగోదాని మీద లేదు. ఎప్పుడో ఎవరో చేతికి దొరికింది వేసేశారు. ఒక్క అక్షరం!

ఇక బుస మిగిలింది. దానికి కారులో ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ, విని, మళ్లీ పెడుతూ పోవాలి. ఒకసారికి ఒక్కటే. నాకు ఓపిక తక్కువ, మొదటిసారి నాలుగు ఒకేసారి పీకాను. బుస పోయింది, కానీ ఏది దొంగో తెలియలేదు. మళ్లీ మొదటికొచ్చాను. నోటుపుస్తకంలో రాసుకుంటూ చేయండి. మీ లెక్కల మాస్టారు ఇదే చెబితే చిరాకు పడతారు, తాతయ్య చెబితే అయినా వినండి.

ఈ ఫ్యూజులు పీకుతుంటే నాకు మా ఊరు గుర్తొచ్చింది. 1965 సెప్టెంబరు, పాకిస్తాన్‌తో యుద్ధం జరుగుతోంది. నాకు పదకొండేళ్లు. గుంటూరు జిల్లాలో మా ఊరి చావడిలో పంచాయతీ రేడియో ఒకటే ఉండేది. సాయంత్రం వార్తల వేళకు ఊరంతా అక్కడే. సరిగ్గా అప్పుడే గరగరగర. ఒకాయన మబ్బు వల్ల అన్నాడు. ఇంకొకాయన బ్యాటరీ అయిపోయిందన్నాడు. కరణంగారు గొంతు తగ్గించి, "పాకిస్తాన్‌వాడు అడ్డు పెడుతున్నాడు" అన్నారు. అందరూ అదే ఖాయం చేసుకున్నారు. నేను అరుగు చివర కూర్చునేవాణ్ణి, రేడియో సరిగ్గా వినపడేది కాదు. నాకు వినపడేది వెనక వీధిలో పిండిమర ఆయిల్ ఇంజను డుబడుబ. అది ఆగినప్పుడల్లా గరగర కూడా ఆగుతోంది. చెబితే మా నాన్న నెత్తిన ఒక మొట్టికాయ పెట్టాడు. మర్నాడు మా మేనమామ మర దగ్గర నిలబడి ఆపించి, వేయించి, కేకలు వేసి చూశాడు. నిజమే! ఆ రోజు నుంచి వార్తలు అయ్యేదాకా మర ఆపేవారు. జొన్నల తట్టలతో వరసలో కూర్చున్న ఆడవాళ్లు యుద్ధాన్నీ రేడియోనీ కలిపి తిట్టేవాళ్లు.

డీజిల్ ఇంజనుకు స్పార్క్ ప్లగ్గు ఉండదు కదా, మరి ఆ రవ్వలు ఎక్కడివి? చాలా ఏళ్ల తర్వాత తట్టింది. బెల్టు! చక్రం మీద పొడవాటి బెల్టు రాసుకుని రాసుకుని దువ్వెనలాగా విద్యుత్తు పోగుచేసుకునేది. మర తాత దాని పక్కన నిలబడితే చేతి వెంట్రుకలు నిక్కబొడుచుకునేవి. మేం దాన్ని దయ్యం అనుకునేవాళ్లం. (తిరిగే బెల్టు దగ్గరికి మీరు వెళ్లకండి, ఫ్యాను బెల్టైనా సరే.)

ఎక్కడున్నాను? ఫ్యూజులు. తొమ్మిదోది పీకగానే బుస దాదాపు ఆగింది. అది సిగరెట్ లైటర్ సాకెట్‌ది. దానికి గుచ్చి ఉన్నది సెల్‌ఫోన్ చార్జరు. బుజ్జీ, చెప్పడానికి నోరు రావట్లేదు. నా పుట్టినరోజుకు నువ్వు కొనిచ్చిన నీలం చార్జరే. బ్యాటరీ 12 వోల్టులను ఫోనుకు 5 చేయడానికి అది సెకనుకు లక్షల సార్లు కరెంటును వేస్తూ ఆపుతూ ఉంటుంది. చవకరకం వాటిలో ఆ మోతను లోపలే ఆపే సామాను పెట్టరు. ఎలక్ట్రానిక్ సామాను దొరికే ఎస్పీ రోడ్డుకు వెళ్లి ఫెర్రైట్ కోర్ తెచ్చాను. మీ నాన్న ల్యాప్‌టాప్ తీగ చివర నల్లగా ఉబ్బెత్తుగా ఉంటుంది చూడండి, అదే. కొట్టతను నా యాస విని తెలుగులోకి దిగిపోయాడు. "తీగను ఊరికే దూర్చడం కాదు సార్, మూడు చుట్లు చుట్టండి, మూడింతలు కాదు తొమ్మిదింతలు పనిచేస్తుంది" అన్నాడు. చుట్టాను. బుస సగానికి తగ్గింది, పోలేదు. తీగే కాదు, ఆ డబ్బా కూడా మోత విసురుతోంది. అందుకని చార్జరు ఇప్పుడు ఇంట్లో షోకేసులో ఉంది, బొమ్మల పక్కన. కోపం తెచ్చుకోకు.

ఇంత చేశాక మొన్న అమావాస్య రాత్రి మళ్లీ హెసరఘట్ట పోయాను. ఇంజను ఆపి, అన్నీ ఆపి, అగరుబత్తి కూడా తీసేసి, అంటే స్క్వెల్చ్ పూర్తిగా వదిలేసి విన్నాను. సన్నగా, నూనెలో తేమ పడ్డట్టు, ఇంకా బుస ఉంది. చాలా వరకు అది నా రేడియో లోపలిదే. అంతా కాదు.

అమెరికాలో కార్ల్ జాన్‌స్కీ అనే కుర్రాడికి ఒక టెలిఫోన్ ప్రయోగశాలలో ఇలాంటి పనే పెట్టారు. సముద్రం దాటే రేడియో ఫోన్లలో గరగర ఎక్కడిదో కనుక్కోమన్నారు. అతను పెద్ద యాంటెన్నా కట్టి, దాన్ని ఫోర్డ్ కారు చక్రాల మీద నిలబెట్టి, గుండ్రంగా తిప్పుతూ విన్నాడు. దగ్గరి ఉరుములు దొరికాయి. దూరపు ఉరుములు దొరికాయి. ఇంకొక బుస మిగిలింది. అది రోజూ నాలుగు నిమిషాలు ముందుగా వచ్చేది. సూర్యుడు అలా రాడు, నక్షత్రాలు వస్తాయి. 1933లో చెప్పాడు, అది పాలపుంత నడుమ నుంచి వస్తోందని. పాపం, ఆయన వెతికింది ఎలుకను!

నంది దాటి హిందూపురం దారి పడితే గౌరీబిదనూరు వస్తుంది. అక్కడ పొలాల పక్కన ఇంగ్లీషు "టీ" అక్షరంలా వెయ్యి యాంటెన్నాలు పాతారు. 34.5 మెగాహెర్ట్జ్ దగ్గర ఆకాశాన్ని వినడానికి. దసరా సెలవులకు వస్తే ఆ దారిన తీసుకెళ్తాను, దూరం నుంచి అయినా చూద్దాం.

ఈలోగా మీకొక పని. మీ నానమ్మ దగ్గర పాత ట్రాన్సిస్టర్ ఉంది, అడగండి. మీడియం వేవ్‌లో 720 దగ్గర చెన్నై స్టేషన్ వస్తుంది. దాన్ని దాటి, ఎవరూ మాట్లాడని చోట ముల్లు ఆపండి. చీకటి పడ్డాక దాన్ని చేతిలో పట్టుకుని ఇల్లంతా నడవండి. టీవీ, బల్బులు, మోడెమ్, లిఫ్టు తలుపు, అన్నిటి దగ్గరా ఆగండి. రేడియోను అడ్డంగా, నిలువుగా తిప్పి చూడండి. ఎవరు ఎంత మోత చేస్తున్నారో రాసి నాకు పంపండి. మబ్బు పట్టిన రోజైతే బాల్కనీలో నిలబడండి, మెరుపు కంటికి కనబడనంత దూరంలో ఉన్నా "చిట్" అని వినబడుతుంది.

ఫ్రిజ్ ప్లగ్గు మాత్రం పీకకండి. పాలు విరిగితే మీ అమ్మ నన్నే అంటుంది.

ఇట్లు,
తాతయ్య