ఏజెన్సీ అంటే ఏ ఏజెన్సీ? సరిహద్దు కొండలకు ఆ పేరెలా వచ్చింది

ఆంధ్రా సరిహద్దున ఒడిశా రాయగడ జిల్లాలో ఉన్న గుణుపురం బజారులో ‘ఆయనకి ఏజెన్సీ ఉంది’ అంటే ఏ సిమెంటుదో, ఎరువులదో, గ్యాసుదో డీలరుగా ఉన్నాడని అర్థం. ‘ఆయనకి ఏజెన్సీలో ఉంది’ అంటే కొండ ఊళ్లో భూమి ఉందని. మధ్యలో ఒక్క ‘లో’ తేడా. ఇక ‘ఏజెన్సీ వాళ్లొచ్చారు’ అంటే సిలిండర్ తెచ్చినవాళ్లా, సంతకు అడ్డాకులు, చింతపండు దించుకొచ్చిన సవర గిరిజనులా అన్నది మాట్లాడేవాళ్లకే తెలియాలి. తెలుగు పేపర్లోనూ అంతే. ఓ పక్క ‘ఏజెన్సీలో జ్వరాలు’ అన్న హెడ్డింగు, పక్క కాలంలో ఢిల్లీ వార్త దగ్గర ‘ఏజెన్సీలు’ అన్న మాట. ఎవరూ తికమక పడరు.

తికమకంతా భూమి దగ్గరే. 2023 నవంబరులో ఒడిశా కేబినెట్ సబ్‌కలెక్టర్ అనుమతితో గిరిజనులు తమ భూమిని గిరిజనేతరులకు బదలాయించే వీలు కల్పించాలని నిర్ణయించింది. నిరసనలు రేగడంతో కొద్ది రోజుల్లోనే వెనక్కి తగ్గింది. ఆ రోజుల్లో రాయగడ, గజపతి, కొరాపుట్ జిల్లాల తెలుగువాళ్ల మాటల్లో ‘ఏజెన్సీ భూమి’ తెగ నలిగింది. ఆ పేరు ఎక్కడిదో, దాని వెనక ఏ చట్టం ఉందో తెలుసుకోవాలంటే కంపెనీ రోజులకు వెళ్లాలి.

ఇంగ్లీషులో ఏజెంట్ అంటే ఇంకొకరి తరఫున పని చేసేవాడు. అతని పదవి, అతని ఆఫీసు, అతని అధికారం సాగే మేర అన్నీ ఏజెన్సీయే. ఈస్టిండియా కంపెనీ వచ్చిందే వ్యాపారానికి కాబట్టి మద్రాసు కోటలో మొదట్లో దాని పెద్దను పిలిచిందీ ఏజెంట్ అనే. వ్యాపారం పోయి రాజ్యం వచ్చాక కూడా మాట మిగిలింది.

1832 నుంచి పర్లాకిమిడి, విశాఖ జమీందారీల్లో అలజడులు లేచాయి. వాటిని అణచడానికి మద్రాసు ప్రభుత్వం జార్జ్ రసెల్‌ను స్పెషల్ కమిషనర్‌గా పంపింది. ఆ తర్వాత 1835–36లో గంజాం కొండల్లోని ఘుమ్సురంలో కోందు గిరిజనులు తిరగబడ్డారు. మైదానంలో నడిచే కోర్టులు, రూళ్లు ఈ కొండల్లో పనికిరావని రసెల్ తేల్చాడు. దాని ఫలితమే 1839 నాటి 24వ చట్టం. గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల నుంచి తప్పించి, కలెక్టర్లనే ‘గవర్నరు గారి ఏజెంట్లు’గా చేసి వాళ్ల చేతిలో పెట్టారు. శిస్తు, పోలీసు, తీర్పు అన్నీ ఒకే చేతిలో. ఆ ఏజెంటు అధికారం నడిచిన మేరకు ఏజెన్సీ అని పేరు పడింది. అంటే మనం కొండలకు పెట్టుకున్న పేరు నిజానికి ఒక అధికారి హోదా.

పడమటి వైపు ఇదే మాటకు ఇంకో అర్థం. కలహండి, బస్తరు సంస్థానాలు 1933లో ఏర్పడ్డ ఈస్టర్న్ స్టేట్స్ ఏజెన్సీలో ఉండేవి. అక్కడ ఏజెంటు పని రాజులతో వ్యవహారం నడపడం. కొరాపుట్ వైపు జయపురం మాత్రం సంస్థానమని మనం వాడుకలో అన్నా, కాగితం ప్రకారం జమీందారీ. అందుకే అది మద్రాసు గవర్నరు ఏజెంటు కిందికే వచ్చింది.

ఇంగ్లీషులో ఏజెన్సీకి ఇంకో అర్థముంది, సమాజశాస్త్రం రాసేవాళ్లు ఎక్కువగా వాడతారు: మనిషి తన సంగతి తానే నిర్ణయించుకుని నడుచుకోగల శక్తి. 1839 ఏజెన్సీలో కొండవాళ్లకు లేకుండా చేసింది సరిగ్గా దాన్నే. ఇది రాస్తుంటే బాధేస్తుంది.

కాపాడే చట్టం చాలా ఆలస్యంగా వచ్చింది. 1917లో మద్రాసు ప్రభుత్వం తెచ్చిన ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూబదిలీ చట్టం ప్రకారం కొండ జాతివాడి అప్పు మీద ఏడాదికి నూటికి 24 మించి వడ్డీ చెల్లదు, చక్రవడ్డీ అసలే చెల్లదు, మొత్తం వడ్డీ అసలును దాటకూడదు. ఏజెంటు ఒప్పుకోకుండా కొండవాడి భూమి బయటివాడికి పోకూడదు. ఇంత వివరంగా రాయాల్సి వచ్చిందంటే కొండ మీద అప్పులు ఎలా నడిచేవో ఊహించుకోవచ్చు. ఆ సావుకార్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. దాచుకోవాల్సిన పని లేదు.

సర్కారు కాగితాల్లో పేర్లు మారుతూ వచ్చాయి. 1919లో వెనుకబడిన ప్రాంతాలు, 1935లో పాక్షికంగా మినహాయించిన ప్రాంతాలు, రాజ్యాంగం వచ్చాక షెడ్యూల్డ్ ప్రాంతాలు. 1936 ఏప్రిల్ 1న కొరాపుట్, పర్లాకిమిడిలో చాలా భాగం ఒడిశాలో కలిశాయి. జనం నోట మాత్రం ఏజెన్సీయే. ఆంధ్రలో ఇప్పటికీ షెడ్యూల్డ్ ప్రాంతపు కలెక్టరే ప్రభుత్వ ఏజెంటు. రెండు వైపులా ఉన్న ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) పేరులోని చివరి అక్షరం కూడా ఏజెన్సీయే, అయితే అక్కడ దానర్థం సంస్థ.

పేరొకటే గాని చట్టాలు విడిపోయాయి. ఆంధ్రలో 1959 నాటి భూబదలాయింపు రెగ్యులేషన్‌ను 1970లో బిగించారు, షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి కూడా భూమి అమ్మకూడదు. ఒడిశాలో 1956 నాటి రెండో నంబరు రెగ్యులేషన్ నడుస్తోంది. 2002 సవరణ తర్వాత గిరిజనుడి భూమి గిరిజనేతరుడికి వెళ్లడానికి వీల్లేదు. గిరిజనేతరుల మధ్య అమ్మకాలకు ఆ ఆంక్ష లేదు. పార్వతీపురంలో ఉన్న బావమరిది చెప్పిన రూలు రాయగడలో సరిపోదు, ఇక్కడి రూలు అక్కడ సరిపోదు.

ఇంకో సంగతి. ఉమ్మడి కొరాపుట్ జిల్లా మొత్తం షెడ్యూల్డ్ ప్రాంతమే. కాబట్టి ‘ఏజెన్సీకి వెళ్లొస్తాం’ అని కొండకేసి చూపించే గుణుపురం బజారు కూడా అందులోదే. గజపతి జిల్లాలో ఆర్.ఉదయగిరి తహసీలు, పర్లాకిమిడి తహసీలులోని గుమ్మ, రాయగడ బ్లాకులు అందులోకి వస్తాయి (ఈ రాయగడ బ్లాకు వేరు, రాయగడ జిల్లా వేరు). కాశీనగర్ బ్లాకు రాదు. షెడ్యూల్డ్ ప్రాంతం కాని అలాంటి చోట గిరిజనుల భూమికి 1960 భూసంస్కరణల చట్టంలోని 22వ సెక్షన్ వర్తిస్తుంది, రెవెన్యూ అధికారి రాతపూర్వక అనుమతి ఉంటేనే గిరిజనేతరుడికి అమ్మకం చెల్లుతుంది. కాబట్టి అడ్వాన్సు ఇచ్చే ముందు తహసీలు ఆఫీసులో ‘ఇది ఏజెన్సీయేనా’ అని అడిగితే చాలదు. ఊరు ఏ బ్లాకులో ఉంది, పట్టా ఎవరి పేరున ఉంది, ఆ పేరు గిరిజనులదా కాదా, ఈ మూడూ అడగాలి.