వాల్కో వివాదం: రెండు ప్రతిపాదనలూ ఓడిన నాటి నుంచి

రైలు స్టేషన్లు, ప్రత్యేక బస్సు మార్గాల స్టాపుల చుట్టుపక్కల బహుళ అంతస్తుల ఇళ్లు కడతామంటే స్థానిక కౌన్సిళ్లు అడ్డుచెప్పే వీలు లేకుండా చేసిన ఎస్‌బీ 79 బిల్లుపై 2025 అక్టోబరు 10న కాలిఫోర్నియా గవర్నర్ గావిన్ న్యూసమ్ సంతకం చేశారు. దాంతో శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలోని ప్రశాంతమైన శివారు పట్టణాల్లో పాత భయాలు మళ్లీ పైకి వచ్చాయి. ఈ చర్చ ఎక్కడ మొదలైనా కాసేపటికి క్యూపర్టినో పట్టణంలోని పాత వాల్కో షాపింగ్ మాల్ స్థలం దగ్గరికి చేరుతోంది. నిజానికి క్యూపర్టినోలో రైలు స్టేషనే లేదు కనుక కొత్త చట్టం ఆ ఊరిని నేరుగా తాకేది తక్కువే. అయినా ఆ పేరు వినిపించడానికి కారణం ఉంది. ఎస్‌బీ 79ని రచించిన సెనేటర్ స్కాట్ వీనరే 2017లో ఎస్‌బీ 35ని కూడా రచించారు. ఆ పాత చట్టం కింద వచ్చిన ప్రాజెక్టుల్లో అందరి నోళ్లలోనూ ఎక్కువగా నానినది వాల్కోయే.

1976లో తెరిచిన మాల్ క్రమంగా ఎలా వెలవెలబోయిందో, మేసీస్, సియర్స్, జేసీ పెన్నీ అనే పెద్ద దుకాణాలు ఒకదాని వెంట ఒకటి ఎలా తలుపులు మూశాయో అక్కడ ఉన్నవారికి, ఒకసారైనా అటు వెళ్లి వచ్చినవారికి తెలిసిన సంగతే. ఇప్పటి గొడవ అర్థం కావాలంటే చూడవలసింది మాల్ పతనాన్ని కాదు, పట్టణంలో ఎక్కడ ఏమి కట్టవచ్చో చెప్పే జనరల్ ప్లాన్‌కు 2014 డిసెంబరులో సిటీ కౌన్సిల్ ఆమోదించిన సవరణలను.

అంతకు ముందే శాండ్ హిల్ ప్రాపర్టీ అనే నిర్మాణ కంపెనీ మాల్‌లోని ముక్కలన్నిటినీ కొని ఒక్క చేతికి తెచ్చుకుంది. పట్టణంలో ఇళ్లకు స్థలం చూపించాలని రాష్ట్రం అడుగుతున్నందున కౌన్సిల్ ఆ సవరణల్లో వాల్కోకు 389 ఇళ్లు, 20 లక్షల చదరపు అడుగుల ఆఫీసులు కేటాయించింది. ఆ కాగితంలోనే మరో రెండు సంగతులు ఉన్నాయి. ఒకటి, నివాస సాంద్రత ఎకరాకు 35 ఇళ్లు. రెండోది, భవనాల ఎత్తు. దాన్ని అప్పటికి నిర్ణయించకుండా, ఆ ఒక్క స్థలానికే తర్వాత తయారయ్యే వివరమైన ప్రణాళికకు, అంటే స్పెసిఫిక్ ప్లాన్‌కు వదిలేశారు. 2018 మే 31లోగా ఆ ప్లాన్ సిద్ధం కాకపోతే ఇళ్ల స్థలాల జాబితాలోంచి వాల్కోను తీసేసే విషయం పరిశీలించవచ్చని కూడా రాసుకున్నారు. ఆనాడు ఎవరూ పెద్దగా పట్టించుకోని ఈ మాటలకు తర్వాత ఎంత విలువ వచ్చిందో ముందు ముందు చూస్తాం.

నివాసుల ఆగ్రహం మొదట రగిలింది ఇళ్ల మీద కాదు, ఆఫీసుల మీద. బెటర్ క్యూపర్టినో పేరుతో కూడిన బృందం వాదనను బయటి పత్రికలు చాలావరకు "మా పెరటి పక్కన వద్దు" అన్న ఒక్క ముక్కగా కుదించాయి కానీ, ఆ వాదనలో లెక్క ఉంది. ఒక్కో ఉద్యోగికి 250 చదరపు అడుగులు వేసుకున్నా 20 లక్షల చదరపు అడుగుల్లో 8 వేల మంది పనిచేస్తారు. వారికి అదే స్థలంలో దొరికేవి 389 ఇళ్లు. మిగిలినవారు చుట్టుపక్కల ఇళ్ల కోసం పోటీ పడతారు, అద్దెలు పెరుగుతాయి, హైవే 280 మీద కార్ల బారు ఇంకా సాగుతుంది. ఇళ్ల కొరత తీర్చే పేరుతో వస్తున్న ప్రాజెక్టు కొరతను పెంచుతుందన్నది వారి ఆరోపణ. దీనికి సమాధానం చెప్పడం అటు కౌన్సిల్‌కూ, ఇటు కంపెనీకీ ఎన్నడూ సులువు కాలేదు. ఎందుకంటే ఇదే కౌన్సిల్ 2013లో ఆపిల్ పార్కుకు ఏకగ్రీవంగా అనుమతి ఇచ్చింది. 12 వేల మంది ఉద్యోగులు పనిచేసే ఆ ప్రాంగణంలో ఒక్క ఇల్లూ లేదు.

స్థలం పడమటి అంచున నిలబడి చూస్తే వాదన మరో రూపంలో కనబడుతుంది. మాల్ చుట్టూ తిరిగే పెరిమీటర్ రోడ్డు, దాని వెంట ఒక గోడ, గోడకు అవతల ఒకటి రెండు అంతస్తుల ఇళ్లు, వాటి పెరళ్లు. దశాబ్దాలుగా ఆ గోడకు ఇవతల ఉన్నది పార్కింగు స్థలమే. రాత్రి తొమ్మిది దాటితే సందడి ఉండేది కాదు. తర్వాత 2018 దరఖాస్తులోని 22 అంతస్తుల భవనాల బొమ్మలు బయటికి వచ్చాక ఆ పెరళ్ల యజమానులు అడిగిన మొదటి ప్రశ్న సాంద్రత గురించి కాదు, నీడ గురించి. ఎత్తైన భవనాలను గోడకు దూరంగా, హైవే వైపు పెట్టామని కంపెనీ చెప్పింది.

2015లో కంపెనీ ప్రకటించిన "ది హిల్స్ ఎట్ వాల్కో" పథకంలో దాదాపు 800 ఇళ్లు, 20 లక్షల చదరపు అడుగుల ఆఫీసులు, వాటన్నిటి పైకప్పు మీద 30 ఎకరాల పార్కు ఉన్నాయి. వాస్తుశిల్పి రఫాయెల్ వినోలీ గీసిన ఆ పచ్చని కప్పు బొమ్మ దేశమంతా తిరిగింది. నివాసులు సంతకాలు సేకరించి మెజర్ సీ అనే ప్రతిపాదనను ఓటర్లు తేల్చేలా బ్యాలెట్ మీదకు తెచ్చారు. వాల్కోలో ఇళ్లూ వద్దు, ఆఫీసులూ వద్దు, అది దుకాణాలకు, భోజనశాలలకు, వినోదానికే ఉండాలన్నది దాని సారాంశం. భవనాల ఎత్తుకు 45 అడుగుల హద్దు కూడా అందులో ఉంది. కంపెనీ పోటీగా తన పథకాన్ని మెజర్ డీ రూపంలో ఓటర్ల ముందు పెట్టింది. 2016 నవంబరులో రెండూ ఓడిపోయాయి.

ఈ కథలో అసలు మలుపు ఇదేనని నా అభిప్రాయం. అప్పట్లో రెండు పక్షాలూ దీన్ని తమ విజయంగానే చెప్పుకున్నాయి. కంపెనీ పథకం ఓడిందని నివాసులు సంతోషించారు. నిషేధం ఓడిందని కంపెనీ ఊపిరి పీల్చుకుంది. కానీ చట్టపరంగా చూస్తే ఆ రాత్రి మిగిలింది 2014 నాటి జనరల్ ప్లాన్, అందులోని 389 ఇళ్లు, ఎకరాకు 35 అన్న సాంద్రత, ఎత్తు దగ్గర వదిలేసిన ఖాళీ. మెజర్ సీ గెలిచి ఉంటే వాల్కో నివాసానికి కేటాయించిన స్థలమే కాకుండా పోయేది. అది గెలవకపోవడానికి దానిలోని లోపాలు కొంత కారణం. మామూలు ఇళ్ల వీధుల్లో అప్పటివరకు 30 అడుగులున్న హద్దు ఆ మెజర్ రాతలోని పొరపాటు వల్ల 45కు పెరుగుతుందని ప్రత్యర్థులు ఎత్తి చూపారు. ఎత్తును ఆపడానికి పుట్టిన ప్రతిపాదన ఆ ఆరోపణ నుంచి తేరుకోలేదు.

మరుసటి ఏడాది సెప్టెంబరులో గవర్నర్ జెర్రీ బ్రౌన్ ఎస్‌బీ 35 మీద సంతకం పెట్టారు. రాష్ట్రం నిర్దేశించినన్ని ఇళ్లకు అనుమతులు ఇవ్వని పట్టణాల్లో, నిర్ణీత వాటా తక్కువ ఆదాయ వర్గాలకు కేటాయించిన ప్రాజెక్టు వస్తే, అది రాతపూర్వక కొలతలకు సరిపోతుందో లేదో మాత్రమే పట్టణం చూడాలి. పర్యావరణ సమీక్ష ఉండదు, కౌన్సిల్ విచక్షణ ఉండదు. సరిపోవడం లేదనుకుంటే పెద్ద ప్రాజెక్టుల విషయంలో 90 రోజుల్లోగా చెప్పాలి, 180 రోజుల్లో తేల్చాలి. రాతలో లేని హద్దు ఈ చట్టం దృష్టిలో హద్దే కాదు. క్యూపర్టినో ఖాళీగా వదిలిన ఎత్తు గడి అక్కడ తగిలింది.

2018 మార్చి 27న, అంటే జనరల్ ప్లాన్ గడువుకు రెండు నెలల ముందు, శాండ్ హిల్ దరఖాస్తు పెట్టింది. స్థలం 50.82 ఎకరాలు. ఎకరాకు 35 చొప్పున 1,779 ఇళ్లు. సగం ఇళ్లు తక్కువ ఆదాయ వర్గాలకు ఇస్తున్నందున తక్కువ ధర ఇళ్లు కట్టేవారికి అదనపు ఇళ్లు అనుమతించే రాష్ట్ర డెన్సిటీ బోనస్ చట్టం కింద మరో 35 శాతం. మొత్తం 2,402. అందులో 1,201 తక్కువ ధర ఇళ్లు, వాటితో పాటు 18 లక్షల చదరపు అడుగుల ఆఫీసులు, 4 లక్షల చదరపు అడుగుల దుకాణాలు. రెండేళ్ల కిందట 800 ఇళ్లు ఎక్కువన్న ఊరి ముందుకు మూడు రెట్ల సంఖ్య వచ్చింది. దానికి ఓటింగు లేదు.

ఆ తర్వాతి ఘట్టాలను గబగబా చెప్పుకోవచ్చు. జూన్‌లో పట్టణ అధికారులు దరఖాస్తు అర్హమైనదేనని తేల్చారు. సెప్టెంబరులో ఆమోదం తెలిపారు. ఫ్రెండ్స్ ఆఫ్ బెటర్ క్యూపర్టినో కోర్టుకు వెళ్లింది. నిర్మాణంలో మూడింట రెండు వంతులు నివాసానికే ఉండాలన్న షరతు లెక్క కుదరలేదని, స్థలంలో కాలుష్యం ఉందని ఆ సంస్థ వాదించింది. శాంటా క్లారా కౌంటీ సుపీరియర్ కోర్టు 2020 మేలో ఆ పిటిషన్‌ను కొట్టివేసింది. కౌన్సిల్ 2018 సెప్టెంబరులోనే, ఎస్‌బీ 35తో సంబంధం లేకుండా, కంపెనీతో బేరమాడి తయారుచేసిన స్పెసిఫిక్ ప్లాన్‌ను కూడా ఆమోదించింది. అందులో 2,923 ఇళ్లు ఉన్నా, పట్టణానికి, బడులకు కొన్ని ప్రయోజనాలూ ఉన్నాయి. నివాసులు దాని మీద రెఫరెండానికి సంతకాలు సేకరించారు. నవంబరు ఎన్నికల తర్వాత వచ్చిన కొత్త కౌన్సిల్ 2019 మేలో ఆ ప్లాన్‌ను రద్దు చేసింది. దాంతో బేరంలో దక్కవలసినవి పోయాయి, బేరం అవసరం లేని ఎస్‌బీ 35 అనుమతి మాత్రం చెక్కుచెదరలేదు. అదే ఏడాది ఆగస్టులో కౌన్సిల్ జనరల్ ప్లాన్‌ను మళ్లీ సవరించి వాల్కోకు ఎత్తు హద్దులు పెట్టింది, ఆఫీసుల కేటాయింపును తొలగించింది. 2014లో చేయవలసిన పని అది.

అప్పటి మేయర్ స్టీవెన్ షార్ఫ్ 2019 ఆరంభంలో ఒక సభలో, ఊరి చుట్టూ గోడ కట్టి ఖర్చు పొరుగు నగరం శాన్ హోసే చేత పెట్టిస్తామని సరదాకు అన్న మాట దేశవ్యాప్తంగా వార్త అయింది. హాస్యానికి అన్నదే అయినా, ఆఫీసుల గురించి నివాసులు నాలుగేళ్లుగా అడుగుతున్న లెక్కను బయటివారు వినకుండా చేయడంలో ఆ ఒక్క మాటకు ఉన్న పాత్ర చిన్నది కాదు.

ఈ వివాదంలో మనవాళ్లు రెండు వైపులా ఉన్నారు. ఒకే ఊళ్లో, ఒకే బడి దగ్గర పిల్లలను దించే తెలుగు కుటుంబాల్లో ఒకరిది చాలా ఏళ్ల కిందట కొన్న సొంత ఇల్లు. 1978 నాటి ప్రతిపాదన 13 పుణ్యమా అని వారి ఇంటి పన్ను కొన్న నాటి ధర మీదే నెమ్మదిగా కదులుతుంది. మరొకరు మంచి బడి పరిధి కోసం రెండు పడకగదుల అపార్టుమెంటును అద్దెకు తీసుకుని, 20 లక్షల డాలర్లు దాటిన ఇంటి ధరల వైపు చూస్తూ ఉండిపోయినవారు. కౌన్సిల్ సమావేశాల్లో మాట్లాడే అవకాశం ఇద్దరికీ ఉన్నా, సాయంత్రాలు వెచ్చించి లేచి నిలబడేది ఎక్కువగా మొదటివారే.

బడులు కిక్కిరిసిపోతాయన్నది నివాసులు తరచు చెప్పిన భయం. జరిగింది దానికి విరుద్ధం. క్యూపర్టినో యూనియన్ స్కూల్ డిస్ట్రిక్ట్‌లో ఒకప్పుడు దాదాపు 19 వేలకు చేరిన విద్యార్థుల సంఖ్య 14 వేల దరిదాపులకు పడిపోయింది. 2021 అక్టోబరులో తీసుకున్న నిర్ణయంతో రెగ్నార్ట్, మేయర్‌హోల్జ్ ప్రాథమిక పాఠశాలలు మూతపడ్డాయి. చిన్న పిల్లలున్న కుటుంబాలు ఆ ధరలకు అక్కడ ఇల్లు కొనలేకపోవడమే ఇందుకు ప్రధాన కారణమని కొత్త ఇళ్లు కోరేవారు అంటారు. జననాలు తగ్గడం, కోవిడ్ కూడా కారణాలేనని నివాసులు అంటారు. రెండింటిలోనూ నిజం ఉంది. కానీ బడుల భయం వాదనగా ఇక నిలవదు.

హైదరాబాద్ నుంచి ఈ కథ చదివేవారికి ఒక తేడా వింతగా తోచవచ్చు. అక్కడ 2006 మార్చిలో వచ్చిన జీవో 86 ఎఫ్ఎస్ఐ హద్దును, అంటే స్థలం విస్తీర్ణానికి ఎన్ని రెట్లు నిర్మాణం ఉండవచ్చో చెప్పే పరిమితిని తీసేసి, స్థలం విస్తీర్ణం, ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ ఆధారంగా ఎత్తును తేల్చింది. కొలతలు సరిపోతే పక్కింటివారి అభిప్రాయంతో పనిలేదు. కాలిఫోర్నియా ఎంతో రాజకీయ పోరాటం చేసి ఎస్‌బీ 35తో చేరుకున్న పద్ధతి దాదాపు ఇదే. అయితే కాలిఫోర్నియాలో తక్కువ ఆదాయ వర్గాల వాటా అన్న షరతు ఉంది, కోకాపేటలో అలాంటిది లేదు.

ఇక ప్రస్తుతానికి వస్తే, వాల్కో ఇప్పుడు "ది రైజ్". 2024 ఫిబ్రవరిలో ఆమోదం పొందిన సవరణల ప్రకారం మొత్తం ఇళ్లు 2,669కి పెరిగాయి. తక్కువ ధర ఇళ్లు 1,201 నుంచి 890కి తగ్గాయి. ఆఫీసులు దాదాపు 19.5 లక్షల చదరపు అడుగులు అయ్యాయి. అంటే నివాసులు 2014లో వేలెత్తి చూపిన ఆఫీసుల విస్తీర్ణం ఇంచుమించు ఉన్నచోటికే తిరిగి వచ్చింది. మొదటి అనుమతిని సమర్థించినవారు ఎక్కువగా చెప్పిన మాట సగం ఇళ్లు పేదలకన్నది. అది మూడో వంతుకు దిగినప్పుడు అంతగా మాట్లాడింది పాత ప్రత్యర్థులే.

ఈలోగా 2023 నుంచి 2031 వరకు రాష్ట్రం క్యూపర్టినోకు నిర్దేశించిన ఇళ్ల లక్ష్యం 1,064 నుంచి 4,588కి పెరిగింది. 2023 జనవరి గడువుకు గృహనిర్మాణ ప్రణాళిక సిద్ధం కాకపోవడంతో హౌసింగ్ సంఘాలు దావాలు వేశాయి. ఏ స్థలంలో ఏమి, ఎంత కట్టవచ్చో చెప్పే జోనింగు హద్దులను పక్కనబెట్టి బిల్డర్లు దరఖాస్తులు పెట్టుకునే వెసులుబాటు తెరుచుకుంది. రాష్ట్రం ఆ ప్రణాళికను ధ్రువీకరించింది 2024 సెప్టెంబరులో. అందులో పట్టణం తన వంతు ఇళ్లుగా చూపించిన పెద్ద పద్దు వాల్కోయే. కోర్టులో, బ్యాలెట్ పెట్టె దగ్గర పదేళ్లు ఎదిరించిన ప్రాజెక్టును లెక్కలోంచి తీసేస్తే అన్ని ఇళ్లకు వేరే స్థలాలు చూపించాలి. ఆ స్థలాలు ఉండేది ఇప్పుడు టౌన్‌హౌస్ ప్రాజెక్టుల మీద పిటిషన్లు తిరుగుతున్న వీధుల్లోనే.