ఫ్లాపీ తెరుచుకున్నంత మాత్రాన తెలుగు రాదు: పాత డిస్కుల మీద అపోహలు - వాస్తవాలు

పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం అయిన వారానికి, బొబ్బిలి వైపు నుంచి రిటైరైన తెలుగు మాస్టారు ఒకరు మా షాపుకి వచ్చారు. చేతిలో స్వీటు డబ్బా. మూత తీస్తే లోపల రబ్బరు బ్యాండు వేసిన 23 ఫ్లాపీలు. పాతికేళ్ళ కిందట ఊరూరా తిరిగి తప్పెటగుళ్ళ వాళ్ళ దగ్గర, జముకుల కథలు చెప్పేవాళ్ళ దగ్గర రాసుకున్న పాటలన్నీ అప్పట్లో డీటీపీ చేయించి వాటిలో దాచారట. రాసుకున్న నోటుపుస్తకాలు చెదలు తినేశాయి. పాడినవాళ్ళలో చాలామంది ఇప్పుడు లేరు. "ఇవి ఇంక పనికిరావు, పారేయమని మావాడు అంటున్నాడు బావూ. పారేసే ముందు నీకోసారి చూపిద్దామని తెచ్చాను" అన్నారు.

నేను 1996 నుంచి విజయనగరంలో డీటీపీ పనిలో ఉన్నాను. పెళ్ళి పత్రికలు, కరపత్రాలు, కవితా సంకలనాలు చేసిన చేతులివి. కొన్నేళ్ళుగా పాత డిస్కుల్లోంచి పాత తెలుగు ఫైళ్ళు బయటికి తీసే పని కూడా చేస్తున్నాను. వచ్చేవాళ్ళందరి దగ్గరా దాదాపు ఇవే మాటలు వింటున్నాను కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాను.

అపోహ: ఇన్నేళ్ళయ్యాక ఫ్లాపీలో ఏమీ మిగలదు.

మాస్టారి 23 డిస్కుల్లో 19 మొదటిసారికే పూర్తిగా చదవగలిగాను. మూడింట్లో కొన్ని సెక్టర్లు (డిస్కు మీద సమాచారం ఉండే చిన్న గడులు) మొండికేశాయి. ఒకటి బూజు పట్టి ఉంది. ఇది నాకు కొత్త అనుభవం కాదు. బీరువాలో పొడిగా, కదలకుండా ఉన్న ఫ్లాపీలు పాతికేళ్ళయినా చదివించుకుంటాయి. పాడయ్యేవి ఎక్కువగా తేమ వల్ల, వేడి వల్ల, మురికి హెడ్ (డ్రైవ్‌లో డిస్కుని చదివే భాగం) గీతల వల్ల. సముద్రం పక్కనున్న మన జిల్లాల్లో తేమే పెద్ద శత్రువు. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు తడిసిన ఇళ్ళనుంచి ఇప్పటికీ డిస్కులు వస్తున్నాయి. తడిసిన పుస్తకాలను ఎండబెట్టినట్టే వీటినీ చాలామంది మేడమీద ఎండలో పెట్టారు. ఆ పని చేయకండి. లోపలిది పల్చని ప్లాస్టిక్ బిళ్ళ. వేడికి వంకర తిరిగితే ఇక హెడ్‌కి ఆనదు. నీడలో, గాలి తగిలేచోట ఆరనివ్వండి.

మూడున్నర అంగుళాల ఫ్లాపీకి లోహపు షట్టరు పక్కకి జరిపి, వెనకవైపు మధ్యనున్న చక్రాన్ని వేలితో మెల్లగా తిప్పుతూ చూడండి. బిళ్ళ మీద తెల్లటి చుక్కలు, మేఘాల్లాంటి మచ్చలు కనిపిస్తే అది బూజు. దాన్ని డ్రైవ్‌లో పెట్టకండి. మొదట్లో తెలియక నేను పెట్టాను. బూజు హెడ్‌కి అంటుకుని, ఆ తర్వాత పెట్టిన రెండు మంచి డిస్కుల మీద గుండ్రంగా గీతలు పడ్డాయి. ఆ రెండూ ఒకావిడ వాళ్ళ నాన్నగారి ఉత్తరాలు. సగమే తీయగలిగాను. ఇప్పుడైతే బూజు డిస్కు పైతొడుగు విప్పి, బిళ్ళను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక శుభ్రమైన వేరే తొడుగులో వేసి చదువుతాను. ప్రతి అనుమానపు డిస్కు తర్వాత హెడ్ కూడా తుడుస్తాను.

విమానాశ్రయంలో ఎక్స్‌రే వల్ల డిస్కు చెరిగిపోతుందనే భయం కూడా ఉంది. ఎక్స్‌రే అయస్కాంతం కాదు, దానివల్ల ఏమీ కాదు. స్పీకరు వెనకున్న అయస్కాంతాన్ని నేరుగా ఆనించి పెడితే మాత్రం చెరుగుతుంది.

అపోహ: కంప్యూటర్ "ఫార్మాట్ చేయాలా" అని అడిగిందంటే డిస్కు ఖాళీ.

దీనివల్ల పోయినన్ని ఫైళ్ళు బూజు వల్ల పోయి ఉండవు. విండోస్ ఆ ప్రశ్న అడిగిందంటే "ఈ డిస్కు అమరిక నాకు అర్థం కాలేదు" అని మాత్రమే. మొదటి సెక్టరు ఒక్కటి దెబ్బతిన్నా అదే ప్రశ్న. డిస్కు మ్యాకింటాష్‌లో, అంటే యాపిల్ వాళ్ళ మ్యాక్ కంప్యూటర్‌లో, రాసినదైనా అదే ప్రశ్న. "అవును" అని నొక్కకండి.

పాత మ్యాక్ డిస్కుల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. 1.44 ఎంబీ మ్యాక్ ఫ్లాపీని మామూలు పీసీ డ్రైవ్ చదవగలదు. తేడా అంతా అందులోని హెచ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లోనే, అంటే ఫైళ్ళను పేర్చి పెట్టే పద్ధతిలోనే. విండోస్‌కి అది తెలియదు. విండోస్‌కి బదులు వాడే లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కి తెలుసు. విచిత్రమేమిటంటే కొత్త మ్యాక్‌కే తెలియదు: 2019లో వచ్చిన కెటలీనా అనే వెర్షన్ నుంచి మ్యాక్ ఆ పాత హెచ్‌ఎఫ్‌ఎస్‌ని చదవడం మానేసింది. అందుకే యాపిల్‌లో చేసిన డిస్కుకి యాపిలే కావాలి అనుకుని కొత్త మ్యాక్‌బుక్ ఉన్న బంధువు కోసం వెతకనక్కర్లేదు.

డిస్కు చేతిలోకి రాగానే నేను చేసే మొదటి పని రైట్ ప్రొటెక్ట్. మూడున్నర అంగుళాల డిస్కుకి మూలనున్న చిన్న ప్లాస్టిక్ మీటను జరిపి, కన్నం తెరుచుకుని అవతలివైపు కనిపించేలా ఉంచితే దానిమీద ఏదీ రాయడం కుదరదు. ఐదుంపావు అంగుళాల డిస్కుకి దీనికి పూర్తిగా తిరగేసి: పక్కనున్న గాడిని టేపుతో మూసేస్తేనే రక్షణ. ఊరికే చూడటానికి పెడుతున్నాం కదా అనుకోవద్దు. విండోస్ 95 కాలపు సిస్టమ్‌లు, కన్నం మూసి ఉన్న ఫ్లాపీని తెరిచి చూసినా దాని మొదటి సెక్టరులో తమ గుర్తు రాసేవి. మ్యాక్‌లు కూడా దాగిన ఫోల్డర్లు కొన్ని పెడతాయి.

రెండో పని, ఫైళ్ళను ఒక్కొక్కటిగా కాపీ చేయకుండా మొత్తం డిస్కుకి ఒకే ఇమేజ్, అంటే ఉన్నది ఉన్నట్టు నకలు ఫైలు, తీయడం. 1.44 ఎంబీ ఫ్లాపీలో రెండు వైపులా 80 చొప్పున ట్రాకులు, ట్రాకుకి 18 సెక్టర్లు, సెక్టరుకి 512 బైట్లు. గుణిస్తే 14,74,560 బైట్లు. మంచి ఇమేజ్ ఫైలు సైజు అచ్చంగా ఇంతే ఉండాలి. ఒక్క బైటు తగ్గినా ఎక్కడో చదవలేదని అర్థం. లినక్స్‌లో డీడీ-రెస్క్యూ అనే ప్రోగ్రామ్ దీనికి చాలా నమ్మకమైనది. బాగున్న భాగం అంతా ముందు తీసేసుకుని, మొండికేసిన సెక్టర్ల చోటు ఒక చిట్టాలో రాసుకుని, వాటిమీదకి మళ్ళీ మళ్ళీ వెళ్తుంది. ఇంకా బాగుండే విషయం, అదే చిట్టాతో ఇంకో డ్రైవ్‌లో డిస్కు పెట్టి మిగిలినవాటికోసం ప్రయత్నించవచ్చు. మాస్టారి మూడు డిస్కుల్లో రెండు అలాగే పూర్తయ్యాయి. మూడోదాంట్లో రెండు సెక్టర్లు, అంటే 1024 బైట్లు, ఎన్ని డ్రైవ్‌లు మార్చినా రాలేదు.

అపోహ: యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ ఒకటి కొంటే అన్నీ చదువుతుంది.

1.44 ఎంబీ డిస్కులకి అది చాలు. చాలా డ్రైవ్‌లు 720 కేబీవి కూడా చదువుతాయి. అక్కడితో సరి. ఐదుంపావు అంగుళాల వాటికి వేరే డ్రైవ్ కావాలి. మ్యాకింటాష్ 400, 800 కేబీ డిస్కులను యూఎస్‌బీ డ్రైవ్ చదవలేదు, ఎందుకంటే వాటిలో రాసే పద్ధతే వేరు. ఇలాంటివాటికి క్రయోఫ్లక్స్, గ్రీజ్‌వీజల్ అనే చిన్న బోర్డులున్నాయి. పాత 34 పిన్నుల డ్రైవ్‌కి వాటిని తగిలిస్తే, డిస్కు మీది అయస్కాంత మార్పులను ఉన్నవి ఉన్నట్టే రికార్డు చేస్తాయి. అందులో ఏముందో తర్వాత తీరిగ్గా సాఫ్ట్‌వేర్ విప్పి చెబుతుంది. మొండి డిస్కులకి నేను ఆఖరికి వెళ్ళేది ఇక్కడికే.

ఇంకో సంగతి. డిస్కుని రాసిన పాత డ్రైవ్ హెడ్ కాస్త పక్కకి జరిగి ఉంటే, ఆ డ్రైవ్‌లో అది చక్కగా చదువుతుంది, మిగతా డ్రైవ్‌లలో మాత్రం మొరాయిస్తుంది. కాబట్టి ఆ డిస్కులు రాసిన కంప్యూటర్ ఇంకా అటక మీద ఉంటే దయచేసి పాత సామాన్ల వాడికి వేయకండి. కనీసం డ్రైవ్ ఊడదీసి ఉంచండి. ప్రింటరు వెనక తగిలించే హార్డ్‌వేర్ లాక్ ఏదైనా ఉంటే అదీ ఉంచండి. అప్పటి తెలుగు సాఫ్ట్‌వేర్లు కొన్ని ఆ లాక్ లేకపోతే తెరుచుకోవు.

లినక్స్ నుంచి ఫ్లాపీని తీసేశారని కొందరు అంటారు. 2019లో జరిగింది వేరు: మదర్‌బోర్డుకి నేరుగా తగిలించే పాత డ్రైవ్‌లను నడిపే డ్రైవర్ అనే ప్రోగ్రామ్‌ని చూసుకునేవాళ్ళు లేరని లినక్స్ సృష్టికర్త లీనస్ టోర్వాల్డ్స్ గుర్తు పెట్టారు. యూఎస్‌బీ డ్రైవ్‌లు ఆ డ్రైవర్ మీద ఆధారపడవు.

అపోహ: ఫైలు పేరు చివర చూస్తే ఏ సాఫ్ట్‌వేరో తెలిసిపోతుంది.

అప్పట్లో పేరుకి 8 అక్షరాలు, చివర 3 అక్షరాలే చోటు. ఎవరికి తోచిన చివర వాళ్ళు పెట్టుకున్నారు. పేరుని కాదు, ఫైలు మొదటి బైట్లను చూడాలి. లినక్స్‌లో ఫైల్ అనే కమాండ్ ఆ పనే చేస్తుంది. జిప్ ఫైలు పీకే అనే రెండు అక్షరాలతో మొదలవుతుంది. వర్డ్‌స్టార్ అనే పాత టైపింగ్ ప్రోగ్రామ్ ఫైలు అయితే ప్రతి మాట చివరి అక్షరం మారిపోయినట్టు కనిపిస్తుంది, ఎందుకంటే అది మాట చివరి అక్షరంలో ఎనిమిదో బిట్‌ని తన అవసరానికి వాడుకునేది. ఆ బిట్ తీసేస్తే మాట బాగుపడుతుంది. మిల్లుల లెక్కలుండే డీబేస్, ఫాక్స్‌ప్రో, లోటస్ ఫైళ్ళను లిబ్రెఆఫీస్ అనే ఆఫీసు ప్రోగ్రామ్ నేటికీ తెరుస్తుంది. కొత్త వర్డ్ నిరాకరించే పాత వర్డ్ ఫైళ్ళను కూడా అదే తెరుస్తుంది.

పుస్తకం ఫైలు ఒక ఫ్లాపీలో పట్టక ఏఆర్‌జే తోనో పీకే-జిప్ తోనో ముక్కలు చేసి నాలుగైదు డిస్కుల్లో వేయడం మాకు రోజూ పనే. అలాంటి కట్టలో ఒక్క డిస్కు కూడా విడిగా పారేయకండి. జిప్ కట్టకైతే విషయసూచిక చివరి డిస్కులోనే ఉంటుంది.

అపోహ: తెలుగు ఫైలు తెరిస్తే ఇంగ్లీషు పిచ్చి గీతలు వచ్చాయి, ఫైలు పాడైపోయింది.

అసలు ఈ వ్యాసం రాయడానికి కారణం ఇదే. డిస్కు చక్కగా చదివి, ఫైలు నిక్షేపంగా బయటికొచ్చాక, తెరపై చూసి పాడైందనుకుని తీసేసినవాళ్ళు నాకు తెలుసు. అవి పాడవలేదు.

ప్రతి భాష అక్షరాలకీ సొంత సంకేతాలిచ్చే ప్రమాణం యూనికోడ్. అందులో తెలుగుకి 1991లోనే చోటు దొరికింది. మామూలు ఇళ్ళలోకి అది వచ్చింది మాత్రం గౌతమి ఫాంటుతో విండోస్ ఎక్స్‌పీ వచ్చాకే. అంతకుముందు మేం వాడినవి అను, శ్రీలిపి, ఆకృతి వంటి ఫాంట్లు. వాటిలో కంప్యూటర్ తెలుగు దాచుకోదు. ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల సంకేతాలను దాచుకుంటుంది. ఆ సంకేతం దగ్గర ఫాంటులో తలకట్టు బొమ్మో, గుడి బొమ్మో, వత్తు బొమ్మో ఉంటుంది. ఒక్క అక్షరం రెండు మూడు ముక్కలతో తయారవుతుంది. ఫాంటు లేకపోతే ఆ ముక్కల స్థానంలో ఇంగ్లీషు గుర్తులు కనిపిస్తాయి. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడ్యాక్ వాళ్ళ కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఇస్కీగా దాచినవైతే ఇంకో దారి: 1991లో భారతీయ లిపుల సంకేతాలకి ప్రమాణంగా వచ్చిన ఇస్కీలో ముక్కలు కాదు, అక్షరాలే ఉంటాయి, కాబట్టి మార్చడం చాలా సుఖం.

అందుకని మొదటి ప్రశ్న ఏ ఫాంటు, ఏ వెర్షన్ అని. "యాపిల్ కీబోర్డులో కొట్టించాం" అంటారు చాలామంది. ఆ మాట ఇక్కడ పనికిరాదు. యాపిల్ కీబోర్డు అనేది విండోస్‌లో కూడా మేం వాడిన మీటల అమరిక పేరు. టైపు చేసింది ఏ అమరికలో అన్నది ఫైలులో మిగలదు. మిగిలేది ఫాంటు సంకేతమే.

అపోహ: కన్వర్టర్‌లో వేస్తే యూనికోడ్ వచ్చేస్తుంది, పని అయిపోయింది.

సగం అయినట్టు. మేం పేజీలు కట్టిన పేజ్‌మేకర్ ప్రోగ్రామ్ ఫైలులోంచి వట్టి టెక్స్ట్ తీస్తే ఏ మాట తెలుగు ఫాంటులో ఉందో, ఏది ఇంగ్లీషు ఫాంటులో ఉందో ఆ తేడా పోతుంది. అప్పుడు కన్వర్టర్ ఇంగ్లీషు పేర్లను కూడా తెలుగు ముక్కలు చేసేస్తుంది. అందుకే ఆర్‌టీఎఫ్‌లో, ఫాంటు పేర్లతో సహా తీయాలి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 2001 నాటి 7.0. వర్చువల్ మెషిన్‌లో (కంప్యూటర్ లోపలే నడిచే ఇంకో కంప్యూటర్ లాంటిది) విండోస్ ఎక్స్‌పీ పెట్టి దాన్ని నడుపుతాను. లిబ్రెఆఫీస్ డ్రా కూడా కొన్ని పేజ్‌మేకర్ ఫైళ్ళను తెరుస్తుంది, అమరిక కొంత చెదిరినా మాటలు దొరుకుతాయి.

ఆ తర్వాత క్రావడి. కొన్ని ఫాంట్లలో దాన్ని అక్షరానికి ముందు కొట్టాలి, కొన్నింట్లో తర్వాత. యూనికోడ్‌లో ఎప్పుడూ హల్లు తర్వాతే. కన్వర్టర్ ఈ వరస మార్చకపోతే అది పక్క అక్షరానికి పోయి తగులుకుంటుంది. 'మ', 'వు' పోలికలు మీకు తెలుసు. తెరపై బాగా కనిపిస్తే చాలని టైపిస్టు ఒకదానికి బదులు ఇంకోదాని ముక్కలు కొట్టి ఉంటే, కంటికి సరిగ్గా ఉన్న మాట యూనికోడ్‌లో తప్పవుతుంది. సున్నాకి బదులు అంకె సున్నా కొట్టినవి లెక్కలేనన్ని. ఇవన్నీ మనిషి కూర్చుని చదివి దిద్దాల్సినవే. అచ్చు ప్రతి దొరికితే పక్కన పెట్టుకుని చదవాలి. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో మొదలుపెట్టిన కథానిలయం లాంటి చోట పాత పత్రికలు భద్రంగా ఉండటం మా పనికి ఎంత ఆసరానో చెప్పలేను. కథల ఫైలు ఏదైనా వస్తే అచ్చులో ఎక్కడ పడిందో ముందు అడుగుతాను.

మాస్టారి పాటలకి అచ్చు ప్రతి లేదు. పైగా అది మన యాస. మా షాపులో పిల్లవాడు దిద్దుబాటులో "సెప్పినాడు"ని "చెప్పినాడు" చేశాడు, "ఎల్లిపోనాడు"ని "వెళ్ళిపోయాడు" చేశాడు. వాడి తప్పు లేదు, బళ్ళో అలాగే నేర్పారు. కానీ పాట పాడినాయన అలా పాడలేదు. ఆ పేజీలన్నీ మళ్ళీ ఇమేజ్‌లోంచి తీసి, మొదటినుంచి చేశాం. మాస్టారు రోజూ మధ్యాహ్నం బస్సెక్కి వచ్చి పక్కన కూర్చుని ఒక్కో చరణం పైకి పాడి సరిచూశారు. రాని ఆ 1024 బైట్ల దగ్గర ఖాళీ వదిలి, ఇక్కడ డిస్కు చదవలేదు అని రాశాం. ఊహించి నింపడానికి ఆయనా ఒప్పుకోలేదు, నేనూ ఒప్పుకోలేదు.

అపోహ: ఇక సీడీలో వేసేస్తే నిశ్చింత.

ఇంట్లో రాసిన సీడీలు ఫ్లాపీల కంటే ముందే పోయినవి నా దగ్గర చాలానే ఉన్నాయి. నేను ఇచ్చే ఫోల్డర్‌లో నాలుగుంటాయి: డిస్కు ఇమేజ్, అసలు ఫైలు, యూనికోడ్ టెక్స్ట్, పాత రూపం కనిపించే పీడీఎఫ్. వాటిని కనీసం రెండు వేర్వేరు ఇళ్ళలో ఉంచమంటాను. ఇమేజ్‌ని మాత్రం ఎప్పటికీ తీసేయొద్దు. రేపు ఇంకా మంచి కన్వర్టర్ వస్తే మళ్ళీ మొదలుపెట్టాల్సింది దాంతోనే.

మీ దగ్గర డిస్కులుంటే, ఎవరి దగ్గరికి తీసుకెళ్ళినా సరే, వాటిమీది లేబుళ్ళు పీకకండి. ఏ ఏడాది, ఏ ఊళ్ళో, ఎవరి దగ్గర టైపు చేయించారో కాగితం మీద రాసి పెట్టండి. అప్పటి ప్రింటు కాగితం ఒక్కటి దొరికినా తీసుకెళ్ళండి. అందులో అక్షరాల వాలు చూసి ఫాంటు పట్టేయవచ్చు.