చొక్కా ఎత్తి ఒక్క నిమిషం చూడండి

పిల్లాడికి జ్వరం ఎంత దాటితే ఆసుపత్రికి పరిగెత్తాలి, 102కా, 103కా? ఇద్దరు చిన్నపిల్లల తల్లి ఒకావిడ ఈమధ్య నన్నడిగిన ప్రశ్న ఇది. మూడు నెలల లోపు పసిగుడ్డు అయితే జవాబు సులువు. 100.4 ఉందంటే ఆ రోజే డాక్టరుకు చూపించాలి, తెల్లారనిద్దాం అనుకోకూడదు. ఒళ్లు మామూలు కంటే చల్లబడినా అంతే. అంతకంటే పెద్ద పిల్లల్లో మాత్రం ఆ అంకె ఒక్కటే చెప్పేది తక్కువ. 103 జ్వరంతో మంచాలెక్కి దూకేవాళ్లుంటారు, 100 దగ్గరే ఉండి ప్రాణం మీదికి వచ్చేవాళ్లూ ఉంటారు. అందుకని థర్మామీటర్ సంగతి ఇక్కడితో వదిలేసి నాకు బాగా ఇష్టమైన విషయంలోకి వస్తాను. పిల్లాడి చొక్కా ఎత్తండి. ఛాతీ, పొట్ట కలిసే చోట ఒక్క నిమిషం చూడండి.

మా స్కూల్లో ఏడో తరగతి పిల్లలు ఏటా ఊపిరితిత్తుల నమూనా చేస్తారు. నీళ్ల సీసా అడుగు కోసేసి అక్కడ బెలూన్ ముక్క బిగించి కడతారు. మూతకు చిల్లు పెట్టి స్ట్రా దూర్చి, దాని లోపలి కొసకు ఇంకో బెలూన్ కడతారు. కింది రబ్బరు లాగితే లోపలి బెలూన్ ఉబ్బుతుంది. రబ్బరు అంటే డయాఫ్రం, అంటే ఛాతీకీ పొట్టకీ మధ్య అడ్డంగా ఉండే కండరం, సీసా అంటే ఛాతీ, బెలూన్ అంటే ఊపిరితిత్తి. పదికి ఎనిమిదో తొమ్మిదో మార్కులు వేసి పంపించేస్తాం. ఒక ఏడాది ఒకమ్మాయి గట్టి సీసా దొరక్క, చేత్తో నొక్కితే నలిగిపోయే పల్చటి సీసాతో చేసుకొచ్చింది. పైగా స్ట్రాలో జిగురు అడ్డం పడింది. అందరి ముందూ రబ్బరు లాగింది. బెలూన్ కదల్లేదు, సీసా నడుము టప్‌మని లోపలికి పోయింది. క్లాసంతా నవ్వు. "నాది చెడిపోయింది సార్" అని ఆ పిల్ల ఏడుపు ముఖం పెట్టింది. నాకు మాత్రం మా మేనకోడలి కొడుకు కళ్ల ముందు మెదిలాడు.

అప్పటికి వాడికి ఏడో నెల. రెండు రోజులుగా దగ్గు, జ్వరం. ఆ సాయంత్రం పారాసిటమాల్ చుక్కలకు జ్వరం దిగింది, ఏడుపు ఆగింది. హమ్మయ్య, నిద్రపోయాడని అందరం టీవీ ముందు కూర్చున్నాం. ఎనభై దాటిన మా అమ్మ మాత్రం వాడి పక్కనే కూర్చుని చొక్కా పైకి తీసింది. "ఒరే, వీడు డొక్కలెగరేస్తున్నాడ్రా" అంది. చూస్తే ఊపిరి పీల్చినప్పుడల్లా పొట్ట పైకి లేస్తోంది, దాని పైన కింది పక్కటెముకల దగ్గర మాత్రం చర్మంతో సహా గుంట పడుతోంది. వాచీ పెట్టి లెక్కపెట్టాను. నిమిషానికి 64. గంటలో ఆసుపత్రిలో ఉన్నాం. ఆక్సిజన్ పెట్టారు, నరానికి యాంటీబయాటిక్ ఎక్కించారు, ఆరో రోజు ఇంటికొచ్చాడు.

ఇప్పుడు ఆ సీసా దగ్గరికి రండి. మన పక్కటెముకలు వెనక నుంచి ముందుకు కిందికి వాలి ఉంటాయి. ఊపిరి పీల్చినప్పుడు బకెట్ చెయ్యి ఎత్తినట్టు అవి పైకి లేస్తాయి, ఛాతీ వెడల్పవుతుంది. చంటిపిల్లల్లో అవి దాదాపు అడ్డంగా ఉంటాయి, ఇక ఎత్తడానికి ఏమీ మిగలదు. అందుకే పసివాళ్లు పొట్టతో ఊపిరి పీలుస్తారు, అది మామూలే. పైగా ఆ ఎముకల్లో చాలా భాగం ఇంకా మెత్తటి మృదులాస్థే. అంటే వాళ్లది పల్చటి సీసా. న్యుమోనియాలో ఊపిరితిత్తుల్లోని గాలిగదులు నీరు, చీముతో నిండి గట్టిపడతాయి. అంటే లోపలి బెలూన్ మందమైపోయింది. డయాఫ్రం మరింత బలంగా కిందికి లాగుతుంది. ఛాతీలో ఒత్తిడి బాగా పడిపోతుంది. బెలూన్ ఉబ్బనంటుంది, మరి ఆ లాగుడు ఎక్కడికి పోవాలి? మెత్తగా ఉన్న గోడ మీదికి. పీల్చినప్పుడు బయటికి రావాల్సిన కింది పక్కటెముకలు లోపలికి పోతాయి. అదే డొక్కలెగరేయడం. పెద్దవాళ్లకు న్యుమోనియా వచ్చినా ఇది ఇంత తేటగా కనబడదు, మనది గట్టి సీసా కదా. పసివాడి ఛాతీ మాత్రం లోపలి ఒత్తిడిని బయటికి చూపించే మీటర్ లాంటిది. ఎక్స్‌రే అక్కర్లేదు, స్టెతస్కోప్ అక్కర్లేదు, చొక్కా ఎత్తితే చాలు.

స్ట్రాలో జిగురు సంగతి కూడా చెప్పాలి. గొట్టంలో గాలి సాఫీగా పోతున్నప్పుడు దానికి తగిలే నిరోధం వ్యాసార్ధం నాలుగో ఘాతానికి విలోమంగా ఉంటుంది. ఇంటర్ పిల్లలు పాయిజుయీ సూత్రం అని బట్టీ పడతారు, దేనికో చెప్పేవాళ్లుండరు. 8 మిల్లీమీటర్ల శ్వాసగొట్టంలో చుట్టూ ఒక్క మిల్లీమీటరు వాపు వస్తే దారి 6 మిల్లీమీటర్లు మిగులుతుంది, నిరోధం సుమారు మూడు రెట్లవుతుంది. అదే వాపు 4 మిల్లీమీటర్ల గొట్టంలో వస్తే మిగిలేది 2. నిరోధం 16 రెట్లు! మనకు గొంతు గరగరగా అనిపించే వాపు చంటివాడికి ఊపిరాడని వాపు అయ్యేది ఇందుకే. ఏడిస్తే గాలి సుడులు తిరిగి ఇంకా కష్టమవుతుంది. ఆయాసపడే బిడ్డ నోరు తెరిపించి టార్చి వేసి చూడటం, బలవంతంగా మందు పోయడం వద్దనేది అందుకే.

ఇక వేగం. కిలో బరువుకు లెక్కేస్తే పసివాడికి మనకంటే సుమారు రెండింతలు ఆక్సిజన్ కావాలి. ఊపిరి లోతు పెంచుదామంటే పక్కటెముకలు సహకరించవు. మిగిలిన దారి ఒక్కటే, ఎక్కువసార్లు పీల్చడం. దీన్ని అంకెల్లోకి దించినవాళ్లలో పిల్లల డాక్టరు ఫ్రాంక్ షాన్ ఒకరు. 1980లలో పాపువా న్యూగినీలోని గొరోకాలో పనిచేస్తూ, నిమిషానికి 50 దాటిన ఊపిరితో మామూలు దగ్గు నుంచి న్యుమోనియాని విడదీయొచ్చని ఆయన బృందం చూపించింది. ఇప్పుడు వాడుకలో ఉన్న హద్దులు ఇవి: రెండు నెలల లోపు 60, రెండు నెలల నుంచి ఏడాది దాకా 50, ఏడాది నుంచి ఐదేళ్ల దాకా 40. అంతకు చేరినా, దాటినా వేగమే.

గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణి బంగ్ డాక్టర్ దంపతులు ఇదే పనిని చదువురాని మంత్రసానుల చేతికిచ్చారు. గడ్చిరోలి అంటే ఎక్కడో కాదు, ప్రాణహిత అవతల ఒడ్డు. ఆ జిల్లాలోని సిరొంచలో చాలా ఇళ్లలో మాట్లాడేది తెలుగే. పదికి మించి లెక్క రాని మనిషి యాభై ఎలా లెక్కపెడుతుంది? ఒక ఇసుక గడియారం, తీగకు గుచ్చిన పూసలు ఇచ్చారు. పది ఊపిరులకు ఒక పూస జరపాలి. ఇసుక అయిపోయేలోపు చివరనున్న ఎర్రపూస జరిగిందంటే బిడ్డకు మందు మొదలు. అక్కడి ఊళ్లలో మంత్రసానులు, ఊరి కార్యకర్తలతో నడిపిన ఈ వైద్యం ఫలితాలు 1990లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. అది అందని ఊళ్లతో పోలిస్తే న్యుమోనియాతో చనిపోయే పిల్లల రేటు సగం కంటే తక్కువగా ఉంది. ఆ పూసల పలక ముందు నా పీహెచ్‌డీ స్నేహితుల పరికరాలన్నీ దిగదుడుపే అనిపిస్తుంది నాకు.

లెక్కపెట్టేటప్పుడు రెండు జాగ్రత్తలు. బిడ్డ ఏడవకూడదు, పాలు తాగుతూ ఉండకూడదు. రెండోది, పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయొద్దు. పసివాళ్ల ఊపిరి మన బస్సుల్లాంటిది, కాసేపు వరసగా వచ్చి కాసేపు ఆగుతుంది. నిమిషం మొత్తం చూడాల్సిందే. జ్వరం కూడా ఊపిరి వేగం పెంచుతుంది. జ్వరం దిగాక కూడా వేగం తగ్గలేదంటే, డొక్కలెగరేస్తున్నాడంటే ఆగొద్దు. కోవిడ్ రోజుల్లో కొన్న ఆక్సీమీటర్ని తెచ్చి చంటివాడి వేలికి పెట్టేవాళ్లను చూస్తున్నాను. ఆ క్లిప్పు పెద్దవాళ్లది, అంత చిన్న వేలికి సరిగా కూర్చోదు. 97 చూపించిందని ధీమా పడొద్దు.

పల్చటి సీసా దగ్గర ఇంకో ముచ్చట ఉంది. కొత్త బెలూన్ ఊదేటప్పుడు మొదటి ఊదే కష్టం, కాస్త ఉబ్బాక తేలిక. అందుకే ఇబ్బందిలో ఉన్న పసివాడు గాలిగదుల్ని పూర్తిగా ఖాళీ కానివ్వడు. ఊపిరి వదిలేటప్పుడు గొంతు సగం మూసి, లోపల కొంచెం గాలి నిలిపి ఉంచుతాడు. బయటికి అది "ఊఁ... ఊఁ..." అని చిన్న మూలుగులా వినబడుతుంది. కలత నిద్ర అనుకుంటాం. కాదు, గాలిగదులు మూసుకుపోకుండా వాడు చేస్తున్న పోరాటం. ముక్కుపుటాలు అదరడం కూడా అలాంటిదే, దారి వెడల్పు చేసుకునే తంటా.

అన్నిటికంటే నాకు భయం వేసేది ఈ గోలంతా ఉన్నట్టుండి సద్దుమణిగినప్పుడు. చంటివాడి డయాఫ్రంలో అలసట తట్టుకునే కండర తంతువులు మనకంటే తక్కువ. గంటల తరబడి లాగి లాగి అది అలిసిపోతుంది. ఊపిరి నెమ్మదిస్తుంది, బిడ్డ తేలగిలబడతాడు. నయమైతే బిడ్డ కళ్లు తెరిచి చూస్తాడు, పాలు తాగుతాడు. పిలిచినా పలక్కుండా మగతలోకి జారితే అది నయం కాదు.

పాలు తాగడం అన్నాను కదా. పీల్చడం, మింగడం, ఊపిరి, ఈ మూడూ ఒక లయలో నడవాలి. నిమిషానికి 70 సార్లు ఊపిరి తీస్తుంటే మింగడానికి సందెక్కడిది? రొమ్ము పట్టి రెండు గుక్కలకే వదిలేస్తున్నాడంటే ఆకలి లేదని కాదు. అసలు ఏమీ తాగలేకపోవడం, తాగింది తాగినట్టు కక్కేయడం, ఫిట్స్, మగత, వీటిలో ఏ ఒక్కటి కనబడినా జబ్బు పేరు ఏదైనా సరే వెంటనే బయల్దేరాలి. పెదాలు నీలంగానో బూడిద రంగుగానో మారినా, ఒళ్లు కాలుతూ కాళ్లూ చేతులూ చల్లబడినా, పూట గడిచినా ఉచ్చ పోయకపోయినా అంతే. 108కి ఫోన్ చేయండి. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టకుండా ఒళ్లో నిటారుగా ఎత్తుకోండి. దారిలో నోట్లో ఏమీ పోయొద్దు. బయల్దేరే ముందు ఫోన్లో చొక్కా లేని ఛాతీని అర నిమిషం వీడియో తీసుకోండి. డాక్టరు ముందు బిడ్డ గుక్కపట్టి ఏడిస్తే ఆ వీడియోనే పనికొస్తుంది. "ఒంట్లో బాగోలేదండీ" అనకుండా "నిమిషానికి 64, డొక్కలెగరేస్తున్నాడు, మధ్యాహ్నం నుంచి పాలు తాగలేదు" అని చెప్పండి.

డొక్కలెగరేయడం అన్న మాట మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉంది. చూసిన కళ్లు తప్పు చూడలేదు. తర్వాత చేసిందే తప్పు. పసుపుకొమ్ము కాల్చి డొక్కల మీద చురకలు పెట్టడం, ముక్కులో నూనె చుక్కలు వేయడం, ఆముదం పోయడం. ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి జారి ఇంకో రకం న్యుమోనియా తెస్తుంది. దిష్టి తీయడం ఒంటికి చెరుపు చేయదు, కానీ ఉప్పూ మిరపకాయలూ వెతికే అరగంట చెరుపు చేస్తుంది. ఆ రోజు మా అమ్మ కూడా ఉప్పు తెమ్మంది. "కారెక్కాక తీద్దువుగానీ పదమ్మా" అన్నాను. నిజంగానే కార్లో తీసింది.

ఆ పల్చటి సీసా అమ్మాయికి పదికి పది వేశాను. అప్పటినుంచి ఆ పాఠానికి ఒక హోంవర్క్ ఇస్తున్నాను. ఇంట్లోనో పక్కింట్లోనో బాగున్న చంటిపిల్లలు ఉంటే నిద్రలో నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టుకు రావాలి. మొన్న వచ్చిన అంకెలు 32, 38, 35, 29. చివరి బెంచీ వాడొకడు ఇంట్లో చంటిపిల్లలు లేరని గేదెదూడ ఊపిరి లెక్కపెట్టుకొచ్చాడు, మధ్యలో అది లేచి పోవడంతో రెండుసార్లు.