పగటివేషం వేసే వానకప్ప

మన వైపు వానలు పడకపోతే రోకలికి కప్పను కట్టి ఇంటింటికీ తిప్పి, నీళ్లు పోస్తారు. కప్పతల్లి ఆట. వాన వస్తే కప్ప అరుస్తుంది గానీ, కప్ప అరిస్తే వాన రాదు. అది తెలిసీ దాన్ని రోకలికెందుకు కడతారో! "పగటివేషం వేసే వానకప్ప అంటే ఈ కప్పేనా?" అని ఒక పాఠకుడు అడిగాడు. కాదు. నేను చెప్పేది దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల వానకప్ప సంగతి. దానికి చెరువుతో పనిలేదు, తోకకప్ప దశే లేదు. తడినేల మీద పెట్టిన గుడ్డులోంచి నేరుగా బుల్లికప్పే బయటికొస్తుంది.

ఈ కప్పల ప్రజాతి, అంటే దగ్గరి చుట్టాలైన జాతుల గుంపు, పేరు ప్రిస్టిమాంటిస్. వెన్నెముక ఉన్న జీవుల్లో ఇన్ని జాతులున్న ప్రజాతి మరొకటి లేదు, ఐదొందల పైచిలుకు! ఇన్నిటిని విడదీసి గుర్తుపట్టడానికి చూసే లక్షణాల్లో చర్మం ఒకటి: నున్నగా ఉందా, గరుకుగా ఉందా, కనురెప్ప మీద బొడిపె ఉందా.

2009లో ఈక్వడార్‌లోని లాస్ గ్రలారియాస్ అభయారణ్యంలో ఒక రాత్రి పరిశోధకులకు ఒళ్లంతా ముళ్లలాంటి బొడిపెలున్న చిన్న కప్ప దొరికింది. కప్పులో వేసి తెచ్చుకున్నారు. మర్నాడు చూస్తే అందులో నున్నటి కప్ప! పొరపాటున వేరేదాన్ని పట్టామనుకున్నారు. కప్పులో నాచు పెట్టాక ముళ్లు మళ్లీ లేచాయి. వేషం మార్చడానికి దానికి పట్టేది 330 సెకన్లు, అంటే అయిదున్నర నిమిషాలు. 2015లో దానికి ప్రిస్టిమాంటిస్ మ్యుటాబిలిస్ అని పేరు పెట్టారు. మ్యుటాబిలిస్ అంటే మారేది.

ఇక వర్గీకరణ చేసేవాడి గతి చూడండి. ఊళ్లోకి పగటివేషగాడు వచ్చాడు. సోమవారం బైరాగి, మంగళవారం కోమటి. జనాభా లెక్కలవాడు వేషం చూసి రాసుకుంటే ఒక్కడే ఇద్దరవుతాడు. మ్యూజియం సీసాలో, కుళ్లకుండా కాపాడే మందులో మునిగిన కప్పయితే చచ్చేటప్పుడు వేసుకున్న వేషంలోనే శాశ్వతంగా ఉండిపోతుంది. మరో జాతి సొబెటెస్ కూడా ఇలాగే చర్మం మారుస్తుందని తేలింది. ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయో, ఎన్ని సీసాల మీది పేర్లు దిద్దాలో! అందుకే ఇప్పుడు గొంతు వింటారు, డీఎన్‌ఏలో వంశం వెతుకుతారు.

డీఎన్‌ఏ చూస్తే ఇంకో తమాషా. 1,850 నుంచి 2,063 మీటర్ల ఎత్తులో, మబ్బులు కమ్మిన అడవుల్లో దొరికిన ఈ ఒక్క జాతిలోనే రెండు శాఖలు బయటపడ్డాయి. జన్యువుల్లో బాగా దూరం, పైకి మాత్రం కచ్చితంగా చెప్పదగ్గ తేడా ఏమీ లేదు. మొదట ఒక్కడు రెండు వేషాలు వేశాడు. ఇప్పుడు ఇద్దరు ఒకే వేషంలో వచ్చారు.