అలుగు ఎత్తు ఎవరి ఇష్టం? జిరాయితీ చెరువు కట్టల తగవు వెనుక కథ

విజయవాడకు ఎగువన మైలవరం, జి.కొండూరు వైపు కొండవాలుల్లో జిరాయితీ (సొంత పట్టా) భూముల్లో ఉన్న చిన్న చెరువులు, కుంటల మట్టికట్టలను ఎవరు చూసుకోవాలన్న తగవు వానలు ముదిరినప్పుడల్లా పైకి వస్తూనే ఉంటుంది. 2024 సెప్టెంబరులో, ఆ కొండల వైపు నుంచే వచ్చే బుడమేరు వాగు మళ్ళింపు కాలువ గట్టుకు గండ్లు పడిన సంగతి, విజయవాడలోని సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్ళలో నానిన సంగతి పాఠకులకు తెలిసినవే కనుక ఇక్కడ మళ్ళీ వివరించడం లేదు. ఆ వరద తెచ్చిన మార్పు ఒక్కటి చెబితే చాలు: అంతవరకు ఊరి పొలిమేర దాటని కట్టల గొడవలో నగరం కూడా ఒక పక్షమైంది.

కట్టల యజమానుల వాదన చిన్నది. భూమి తమది, కట్టకు మట్టి పోయించింది తామే, ఎన్నడూ ఎరుగని వాన పడి కట్ట తెగితే అది దైవికం. వినడానికి సబబుగానే ఉన్న ఈ మాటకు నూటయాభై ఏళ్ళ వయసుంది.

ఇప్పటి చిత్తూరు జిల్లాలోని కార్వేటినగరం జమీందారీలో భారీ వరదకు చెరువులు తెగి, ఆ నీరు మద్రాసు రైల్వే కంపెనీ కట్టడాలను దెబ్బతీసింది. నష్టపరిహారం కోసం కంపెనీ జమీందారు మీద దావా వేసింది. 1868లోనే, అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానంగా కూడా ఉన్న ఇంగ్లండు ప్రభువుల సభ ఇలాంటి వ్యవహారంలో ఒక సూత్రాన్ని స్థిరపరచింది. లాంకషైర్‌లో ఒక మిల్లు యజమాని కట్టించుకున్న జలాశయం నీరు పక్కవాడి బొగ్గుగనిలోకి దిగినప్పుడు, యజమాని అజాగ్రత్త రుజువు కాకపోయినా నష్టం అతడే భరించాలని ఆ సభ తేల్చింది. నీటిని తన అవసరానికి తెచ్చి నిలబెట్టుకున్నవాడిదే దాని పూచీ అన్నది ఆ తీర్పు సారం. కంపెనీ ఆ సూత్రాన్నే పట్టుకుంది. అయినా 1874లో, అప్పటి భారతదేశపు కేసులకు లండనులో చివరి అప్పీలు న్యాయస్థానమైన ప్రీవీ కౌన్సిల్ జమీందారు పక్షాన తీర్పు చెప్పింది.

యజమానులకు గుర్తున్నది ఇంతవరకే. తీర్పుకు ఆధారమైన కారణాన్ని వాళ్ళు చెప్పరు. ఈ దేశపు పాత చెరువుల మీద ప్రజల సాగు ఆధారపడి ఉందనీ, వాటిని తీసివేసే అధికారం జమీందారుకు లేదనీ, పైపెచ్చు వాటిని కాపాడి మరమ్మతు చేయవలసిన బాధ్యత ఆచారం ప్రకారం అతడి మీదే ఉందనీ కౌన్సిల్ భావించింది. వదిలించుకోవడానికి వీల్లేని బాధ్యతను మోస్తున్నాడు కనుకనే, అజాగ్రత్త లేనంతవరకు అతడికి మినహాయింపు దొరికింది. ఈ రెండూ ఒకే నాణేనికి బొమ్మా బొరుసుగా ఉన్నంతకాలం తీర్పు న్యాయంగానే నడిచింది.

1948 నాటి జమీందారీ రద్దు చట్టం ఎస్టేట్లలోని చెరువులను ప్రభుత్వపరం చేసింది. పట్టా భూముల్లో ఉండిపోయిన కుంటలు మాత్రం పట్టాదారు చేతిలోనే ఉన్నాయి, వాటితోపాటు రావలసిన ఆచారపు బాధ్యత రాలేదు. ఇవాళ వీటిలో కొన్ని వరి కోసం కాక చేపల కోసం, తోటల కోసం నీరు నిలుపుతున్నాయి. 1874 నాటి మినహాయింపు కోరే యజమాని 1868 నాటి మిల్లు యజమానికే దగ్గరి చుట్టం. గండి పడబోయేటప్పుడు ఊరివాళ్ళందరినీ పనికి నిర్బంధించే చట్టమొకటి మద్రాసు ప్రెసిడెన్సీలో 1858లోనే వచ్చింది. డప్పు వినబడగానే గంపలతో పరుగెత్తిన చోట ఇప్పుడు కట్ట ఫొటో తీసి వాట్సాప్‌లో పెడుతున్నారు.

దిగువ రైతుల మాట ఇంతకన్నా నిర్దిష్టంగా ఉంటుంది. వానను తిట్టే ముందు అలుగు దగ్గర, అంటే చెరువు నిండాక మిగులు నీరు పొర్లిపోయే చోట, ఏం జరుగుతోందో చూడమంటారు. వేసవి దాకా నీరు నిలవాలని అలుగు మీద ఇసుక బస్తాలు పేరుస్తారు. చేపలు కౌలుకిచ్చినచోట అవి కొట్టుకుపోకుండా వల కడతారు. వాన రాత్రి కంపా, గుర్రపుడెక్కా వచ్చి ఆ వలకు పట్టేస్తే నీరు పోయే దారి మూసుకుపోతుంది. నీరు నెత్తిమీదుగా పొర్లడాన్ని కాంక్రీటు కొంతసేపు ఓర్చుకుంటుంది గాని మట్టి ఓర్చుకోలేదు. వెనుకవాలు కోసుకుపోతూ గంటల్లోనే గండి అవుతుంది. రెండో ప్రమాదం కంటికి కనబడదు. తూము పక్కనుంచి, పందికొక్కుల బొరియల గుండా, కొట్టేసిన తుమ్మచెట్ల వేళ్ళు కుళ్ళి మిగిల్చిన సందుల గుండా నీరు లోలోపలే దారి చేసుకుంటుంది. కట్ట అడుగున ఊరే నీరు తేటగా ఉన్నంతకాలం కనిపెట్టి చూస్తే సరిపోతుంది, అది బురదగా మారిందంటే కట్ట లోపలి మట్టి బయటికి వచ్చేస్తున్నట్టే. గుంటూరు వైపు నల్లరేగడి కట్టలకు ఎండాకాలపు బీటలు మరో బెడద, తొలకరి నీరు ముందు వాటిలోకే దిగుతుంది. కంప కొట్టించడం, బొరియలు తవ్వి మట్టి పోసి దిమ్మిస కొట్టించడం, వానకాలంలో రోజూ ఒక మనిషిని కట్ట మీద నడిపించడం యజమానికి తలకు మించిన ఖర్చేమీ కాదు.

2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయిన కొద్ది రోజులకే ఆనకట్టల భద్రత బిల్లు రాజ్యసభలో నెగ్గి, ఆ ఏడాది చివరికి చట్టంగా అమల్లోకి వచ్చింది. అది ప్రభుత్వ ఆనకట్టలకూ ప్రైవేటు ఆనకట్టలకూ ఒకేలా వర్తిస్తుంది, కాని ఎత్తు 15 మీటర్లు దాటాలి. 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉంటే, 500 మీటర్ల పొడవో, పది లక్షల ఘనపు మీటర్ల నిల్వో, అలాంటి మరొక లక్షణమో ఉండాలి. రెండు నిలువుల ఎత్తున్న పల్లె కట్ట ఈ లెక్కలో ఎక్కడా తగలదు.

ఇక మిగిలింది పాత రికార్డు. 1883లో మొదలైన చెరువుల మరమ్మతు పథకం కింద మద్రాసు ప్రభుత్వం తన చెరువులను ఒక్కొక్కటిగా కొలిపించి కట్ట, తూము, అలుగు మట్టాలు రాయించి పెట్టుకుంది. జమీందారీ, సొంత చెరువులు ఆ పథకంలో లేవు. అందువల్ల అలుగు పెంచారని దిగువవాళ్ళు, తాతల నాటి నుంచీ ఇంతే ఉందని యజమాని వాదించుకునేటప్పుడు, విచారణకు వచ్చిన అధికారి చేతిలో కాగితం ఉండదు. ఊళ్ళో ముసలివాళ్ళను పిలిచి, అలుగు రాతి మీద పాత నాచు గీత ఎక్కడ ఆగిందో చూపించమని అడగాల్సి వస్తుంది.